సెల్ఫ్ నొక్కడం ఆపి ఒక్క నిమిషం చూడండి

ఇంజినీరింగ్ ఫైనలియర్‌లో ఉండగా ఒక ఇంటర్వ్యూకి తుక్కుగూడ వైపు బయల్దేరాను. చాంద్రాయణగుట్ట దాటి బార్కస్‌లోకి వచ్చాక ముందున్న ఆటో హఠాత్తుగా ఆగింది. బ్రేకు వేశాను. రోడ్డు మీద పరుచుకున్న ఇసుకలో ముందు టైరు జారి, బండి ఎడమ పక్కకి పడిపోయింది. వేగం తక్కువే కాబట్టి మోచేయి గీరుకుపోయింది, ప్యాంటుకు మట్టి అంటింది, అంతే. జామకాయల బండి దగ్గరున్న ఇద్దరు పరుగెత్తుకొచ్చి నన్నూ, బండినీ లేపారు.

సెల్ఫ్ నొక్కాను. ఇంజిన్ తిరుగుతోంది కానీ అందుకోవట్లేదు. మళ్లీ నొక్కాను, మళ్లీ అంతే. ఈలోపు చుట్టూ పదిమంది చేరారు. ‘ప్లగ్గు పోయింది’ అన్నారొకరు. ‘కార్బురేటర్‌లోకి పెట్రోలు ఎక్కువ పోయింది, చోక్ వేసి కొట్టు’ అన్నారింకొకరు. నాది బీఎస్-6 బండి, దానికి కార్బురేటరే లేదు. ఆ సంగతి తెలిసి కూడా నేను చోక్ కోసం వెతికాను! ప్లగ్గు క్యాపు పీకి మళ్లీ పెట్టాను. పెట్రోల్ మూత తీసి లోపలికి తొంగి చూశాను. మధ్యమధ్యలో సెల్ఫ్ నొక్కుతూనే ఉన్నాను. ఇరవై నిమిషాలయ్యేసరికి సెల్ఫ్ కూడా మూలగడం మొదలుపెట్టింది.

పక్క గల్లీలో ఉన్న షెడ్డు నుంచి ఒక పెద్దాయన వచ్చారు. చేతిలో పానా కూడా లేదు.

‘పడకముందు మంచిగ నడిచిందా బేటా?’

‘మంచిగనే నడిచింది చాచా.’

‘పడ్డంక తాళం ఒకసారన్న బంద్ చేసినవా?’

చేయలేదు. ఆయన తాళం తిప్పి ఆపారు. కొన్ని సెకన్లు ఆగి మళ్లీ ఆన్ చేశారు. ట్యాంకు లోపలి నుంచి సన్నగా ‘జుయ్’మని శబ్దం వచ్చింది. అది పెట్రోల్ పంపు చప్పుడు. అప్పటిదాకా అది రావట్లేదన్న విషయమే నేను గమనించలేదు. బ్యాటరీ నీరసించిపోయింది కాబట్టి కిక్ కొట్టమన్నారు. రెండో కిక్కుకి బండి అందుకుంది. యాభై రూపాయలు తీసుకున్నారు. ఇచ్చినందుకు నాకేం బాధ లేదు.

జరిగింది ఇది. కొత్త బండ్లలో చాలావాటికి ఒరుగుదలను కనిపెట్టే సెన్సార్ ఉంటుంది. బండి పడిపోతే అది ఇంజిన్‌ని ఆపేస్తుంది. కింద పడ్డ బండిలో ఇంజిన్ తిరుగుతూ, పెట్రోలు పోతూ ఉంటే ప్రమాదం కదా! బండిని నిలబెట్టి, తాళం ఒకసారి ఆపి ఆన్ చేస్తేనే అది మళ్లీ ఒప్పుకుంటుంది. అంటే నా బండి చెడిపోలేదు. చేయాల్సిన పనే చేసింది. చెడగొట్టబోయింది నేను.

ఇంటర్వ్యూకి నలభై నిమిషాలు ఆలస్యంగా వెళ్లాను. అయినా లోపలికి పిలిచారు. ‘మీరు పరిష్కరించిన ఒక సమస్య గురించి చెప్పండి’ అని అడిగారు. కాలేజ్ ఫెస్ట్‌లో స్పాన్సర్లు దొరక్కపోతే టీమ్‌ని ఎలా నడిపించానో, బట్టీ పట్టిన జవాబు అప్పజెప్పాను. గంట క్రితం రోడ్డు మీద జరిగింది చెప్పాలని తట్టనే లేదు. అయినా అందులో నేను పరిష్కరించింది ఏముంది? ఆ ఉద్యోగం రాలేదు.

ఆ చాచాకి తెలిసిందేంటి?

ఇప్పుడు నేను ఉద్యోగంలో ఉన్నాను. అప్పుడప్పుడు కాలేజీలకి వెళ్లి మాక్ ఇంటర్వ్యూలు తీసుకుంటాను. రెజ్యూమేల్లో ‘ప్రాబ్లమ్ సాల్వింగ్ స్కిల్స్’ అన్న మాట తరచూ కనిపిస్తుంది. ‘మీ ఇంట్లో వైఫై పనిచేయడం లేదు, ముందు ఏం చూస్తారు?’ అని అడిగితే చాలామంది నా లాగే చేతికి దొరికిందల్లా చెబుతారు. రౌటర్ మారుస్తా, ఫోన్ రీసెట్ చేస్తా, కంపెనీకి ఫోన్ చేస్తా... ఏ వరసలో, ఎందుకు అంటే జవాబు ఉండదు.

తప్పు పిల్లలది మాత్రమే కాదు. మన ల్యాబుల్లో ఇచ్చేది పనిచేసే పరికరం. రీడింగ్ ఎంత రావాలో సీనియర్ రికార్డులో ముందే ఉంటుంది. అంతకంటే తేడాగా వస్తే, ఎందుకొచ్చిందో వెతికితే మార్కులు రావు. రికార్డులో ఉన్నట్టు రాసేస్తే వస్తాయి. నాలుగేళ్లలో ఒక్కసారైనా ‘ఇది చెడిపోయింది, ఎక్కడో కనుక్కోండి’ అని చేతిలో పెట్టరు. ఉద్యోగంలో మొదటి వారం నుంచే చేతిలో పడేది చెడిపోయినదే. కోడ్ అయినా, మెషీన్ అయినా, లెక్కల్లో తేలని బ్యాలెన్స్ అయినా అంతే. సెమిస్టర్‌కి ఒక ల్యాబ్ పరీక్ష అయినా కావాలని చెడగొట్టిన పరికరంతో పెట్టాలన్నది నా అభిప్రాయం. అది జరిగేదాకా మీ ల్యాబ్ మీ బండే.

పడ్డ బండికి ఒక వరస

ముందు మీకు దెబ్బ తగిలిందా చూసుకోండి. బండిని రోడ్డు పక్కకి తీయండి. పెట్రోలు కారుతోందా, వాసన గట్టిగా వస్తోందా? అయితే సెల్ఫ్ జోలికే పోవద్దు, దగ్గర్లో ఎవరినీ సిగరెట్ వెలిగించనివ్వొద్దు.

తర్వాత పైసా ఖర్చు లేనివి. తాళం ఆపి పది సెకన్లాగి ఆన్ చేయండి. కుడి హ్యాండిల్ దగ్గరున్న కిల్ స్విచ్ చూడండి, పడ్డప్పుడు లేదా లేపేటప్పుడు అది ఆఫ్‌లోకి పోతుంటుంది. న్యూట్రల్ లైటు వెలుగుతోందా? సైడ్ స్టాండ్ పూర్తిగా పైకి ఉందా? ఎడమ పక్కకి పడితే క్లచ్ లివర్ దగ్గరున్న చిన్న స్విచ్ దెబ్బతిని ఉండొచ్చు.

ఇప్పుడు ఒక్కసారి సెల్ఫ్ నొక్కి వినండి. ఏ చప్పుడూ లేకపోతే స్విచ్‌లు, ఫ్యూజు, బ్యాటరీ వైర్ల వైపు వెళ్లాలి. ‘టక్ టక్’ అని మాత్రమే వస్తే బ్యాటరీ నీరసంగా ఉంది, లేదా దాని వైరు వదులైంది. ఇంజిన్ గట్టిగా తిరిగి అందుకోకపోతే బ్యాటరీని అనుమానించనక్కర్లేదు. పెట్రోలో, స్పార్కో అందట్లేదు. తాళం ఆన్ చేసినప్పుడు పంపు చప్పుడు వస్తోందా, ప్లగ్గు క్యాపు ఊడిందా చూడాలి. పాత కార్బురేటర్ బండి అయితే ఐదు నిమిషాలు ఆగి, చోక్ వేయకుండా యాక్సిలరేటర్ పూర్తిగా తిప్పి పట్టుకుని కొట్టండి. సెల్ఫ్‌ని ఏకధాటిగా ఐదు సెకన్లకు మించి నొక్కొద్దు. మధ్యలో కాసేపు ఆగండి.

స్టార్ట్ అయిందని వెంటనే ఎక్కి పోవద్దు. హ్యాండిల్ వంకర పోయిందా, బ్రేకులు పడుతున్నాయా, ఆయిల్ కారుతోందా చూడండి. వీటిలో ఏది తేడాగా ఉన్నా బండిని మెకానిక్ దగ్గరికి నెట్టుకెళ్లాల్సిందే. ఏది మన పని కాదో తెలియడం కూడా ఇందులో భాగమే.

ఈ వరసలో మూడు సంగతులున్నాయి. పడకముందు నడిచింది కాబట్టి, పడటం వల్ల ఏం మారిందో అదే ముందు అడగాలి. ఖర్చు లేనిదీ, తేలికైనదీ ముందు చూడాలి. ఒకసారికి ఒక్కటే మార్చాలి, లేకపోతే ఏది పనిచేసిందో తెలియదు.

ఫ్యూజు మార్చేసి చేతులు దులుపుకుంటే?

ఇంకొక్క మెట్టు ఉంది. ఫ్యూజు కాలిపోయిందని కొత్తది వేస్తే బండి స్టార్ట్ అవుతుంది. కానీ పడ్డప్పుడు హ్యాండిల్ దగ్గర వైరు నలిగి లోహానికి తగులుతూ ఉంటే, కొత్త ఫ్యూజూ కాలిపోతుంది. జపాన్‌లో టయోటా ఉత్పత్తి విధానానికి రూపమిచ్చిన తైచి ఓనో తన పుస్తకంలో దాదాపు ఇలాంటి ఉదాహరణే ఇచ్చారు. మెషీన్ ఆగింది. ఎందుకు? లోడు ఎక్కువై ఫ్యూజు పోయింది. ఎందుకు? బేరింగ్‌కి ఆయిల్ చాలలేదు. ఎందుకు? ఆయిల్ పంపు సరిగ్గా లాగట్లేదు. ఎందుకు? దాని షాఫ్ట్ అరిగింది. ఎందుకు? వడపోత జాలీ లేక లోపలికి లోహపు తుక్కు పోయింది. ఐదోసారి అడిగాకే అసలు లోపం దొరికింది. ప్రపంచంలోని కంపెనీలు ‘ఫైవ్ వైస్’ పేరుతో ఉద్యోగులకు ఇప్పుడు నేర్పిస్తున్నది దీన్నే.

‘మెకానిక్ పని నేర్చుకోవడానికా బీటెక్ చదివింది?’ అని ఇంట్లో అనొచ్చు. బండి బాగుచేయడం రాకపోయినా ఉద్యోగం వస్తుంది, నిజమే. ఇది తెలిసినంత మాత్రాన ఉద్యోగం ఖాయమని కూడా నేను చెప్పను. ఖాళీలే లేని ఏడాది ఎంత తెలివైనవాళ్లైనా ఖాళీగా కూర్చోవాల్సి వస్తుంది. కానీ పిలిచిన ఇంటర్వ్యూలో, ఆ పాత ప్రశ్న అడిగినప్పుడు, సొంతంగా చెప్పుకోడానికి ఒకటి ఉండాలి కదా!

అందుకని ఒక నోటు పుస్తకం పెట్టుకోండి. బండి, మిక్సీ, ల్యాప్‌టాప్, ఏది మొరాయించినా నాలుగు లైన్లు రాయండి: ఏం కనిపించింది, ఏం అనుమానించాను, దేన్ని ఎలా కొట్టేశాను, చివరికి ఏం తేలింది. తప్పుగా అనుకున్నది కూడా రాయండి. ‘ఇరవై నిమిషాలు సెల్ఫ్ నొక్కి బ్యాటరీ దించేశాను సార్, తర్వాత ఒక మెకానిక్ చెబితే తెలిసింది’ అని ఎవరైనా నా ముందు కూర్చుని చెబితే, నేను తర్వాతి ప్రశ్న దాని మీదే అడుగుతాను. మాట ముందుకు సాగుతుంది. ఫెస్ట్ స్పాన్సర్ల కథ దగ్గర మాత్రం నాకు అడగడానికి ఏమీ ఉండదు.