కాగితము లేని కిరాయి

గోదావరి డెల్టాలో కౌలు అను మాట ఎరుగనివారు లేరు. ధవళేశ్వరము ఆనకట్ట నీరు పారు ఈ పొలములలో భూమి ఒకరిది, సేద్యము వేరొకరిది అగుట సర్వసాధారణము. ఆ కౌలు చాలవరకు నోటిమాటే. కాగితము వ్రాసియిచ్చినచో భూమిపై హక్కు పోవునేమో యని ఆసామికి భయము. కాగితము అడిగినచో పొలమే దక్కదేమో యని కౌలుదారునకు భయము. 2019లో వచ్చిన పంట సాగుదారుల హక్కుల చట్టము 11 నెలల ఒప్పందమునకు వీలు కల్పించినను ఈ భయము పూర్తిగా తొలగలేదు. పొలము గట్టున పుట్టిన ఈ అలవాటే పట్టణములలో దుకాణపు గదులకును ప్రాకినది.

మా పూర్వవిద్యార్థి యొకడు కొన్నేండ్ల క్రిందట రాజమండ్రిలో ఒక గది కిరాయికి తీసికొని సెల్‌ఫోను మరమ్మతుల దుకాణము తెరచినాడు. అడ్వాన్సు ఇచ్చిననాడు మేమును వెంట నున్నాము. “పెద్దమనిషి, కాగితమెందుకు?” అని పలికినది మేమే. కుర్రవాడు అలమరలు, అద్దములు, బోర్డు అమర్చుకొన్నాడు. గిరాకీ పెరిగినది. ఏడాది దాటిన పిదప యజమాని కిరాయి రెట్టింపు చేయుమనెను, లేదా ఖాళీ చేయుమనెను. చేతిలో ఒక రసీదైనను లేదు. అడ్వాన్సులో సగమే తిరిగి వచ్చినది. నోటిమాట నీటిమూట యని పాఠము చెప్పు మేమే ఆనాడు దానిని మరచితిమి.

చట్టము ఏమనుచున్నది? 1882 నాటి ఆస్తి బదిలీ చట్టము ప్రకారము ఏడాదికి మించిన కిరాయి ఒప్పందము రిజిస్టరు కావలెను. ఆ ఖర్చు తప్పించుకొనుటకే 11 నెలల కాగితము వాడుకలోనికి వచ్చినది. ఆ గడువు తీరినను కిరాయి పుచ్చుకొనుచున్నచో అది సాధారణముగా నెలవారీ కిరాయిగా సాగును. వేరు షరతు లేనిచో 15 దినముల నోటీసుతో ముగియును. మూడేండ్లకని వ్రాసికొని రిజిస్టరు చేయింపని కాగితము ఆ మూడేండ్ల గడువునకు సాక్ష్యము కానేరదు. 1960 నాటి అద్దె నియంత్రణ చట్టము చిన్న అద్దెదారునకు కొంత అండగా నిలిచిన మాట నిజమే. కాని రసీదు లేనివాడు ఏ న్యాయస్థానమునకు ఏమి చూపగలడు?

కావున గడువెంత, కిరాయి ఏటేట ఎంత పెరుగును, అడ్వాన్సు ఎప్పుడు తిరిగివచ్చును, మరమ్మతులు, కరెంటు, పన్ను ఎవరివి, ఖాళీ చేయుటకు ఎన్ని నెలల ముందు చెప్పవలెను అను ఈ ఐదు విషయములు వ్రాసికొననిదే తాళపుచెవి పుచ్చుకొనరాదు. వ్రాత అవిశ్వాసము కాదు. అప్పు వ్యవహారములను సాక్షుల యెదుట వ్రాసికొనుమని ఖుర్ఆన్ గ్రంథమే ఆదేశించుచున్నది గదా!

అయితే వేలు ఇతరులవైపు చూపి ఊరకుండుట న్యాయము కాదు. వక్ఫ్ గదిని నామమాత్రపు కిరాయికి పొంది, దానినే వేరొకరికి పలురెట్లు ఎక్కువకు ఇచ్చుకొనువారు మనలో లేరా? దేశములోని వక్ఫ్ ఆస్తులనుండి ఏటా వచ్చు ఆదాయము సుమారు 163 కోట్ల రూపాయలేనని, అది వాటి పుస్తకపు విలువలో 2.7 శాతమేనని 2006లో సచార్ సంఘము తెలిపెను. ఆక్రమణలు, అధికారుల అలక్ష్యము ఇందుకు కారణములే. కాని మన లోభమునకును ఇందులో పాలు కలదు. 2014 నాటి నిబంధనలు వక్ఫ్ కౌలునకు బహిరంగముగా బిడ్లు పిలువవలెనని విధించినవి. ఆ గదుల కిరాయి పేదపిల్లల చదువునకు చేరవలసిన సొమ్ము. యజమాని అన్యాయమును నిందించు నోటితోనే వక్ఫ్ సొమ్మును మ్రింగుట ఎట్టి ధర్మము?

కళాశాల సంఘమువారికి మా విన్నపము ఒక్కటే. ప్రతి సంవత్సరము చివరి తరగతి విద్యార్థులకు ఒక కిరాయి కాగితమును చదివించి, వ్రాయించి, దానిలోని మంచిచెడ్డలను తెలుపుడు. డిగ్రీ పుచ్చుకొని వెళ్లువారిలో అందరికిని కొలువులు దొరకవు. పలువురు దుకాణములే తెరచెదరు. వారితో గది చూడబోవు పెద్దలు ఇకనైనను మావలె “కాగితమెందుకు?” అనకుందురు గాక!