కండెన్సరుకు ఎన్నేళ్ళ ఆయువు?



మన ఫిజిక్సు పుస్తకంలో కెపాసిటర్ అంటే రెండు పలకలు, వాటి నడుమ ఒక రోధకం, ఒక ఫార్ములా, పరీక్షలో ఒక ప్రశ్న. మా ఊళ్లో దాన్ని కండెన్సరు అంటారు. మోటారు స్టార్టరు పక్కన బిగించే చిన్న డబ్బా అది. సైన్సు చదువుతున్న రైతుబిడ్డగా ఈ రెంటినీ కలిపి నాలుగు మాటలు రాయాలనిపించింది.

మోటారు తిరగాలంటే అయస్కాంత క్షేత్రం కావాలి. దానికోసం మోటారు లైను నుంచి అదనపు కరెంటు లాగి మళ్ళీ వెనక్కి పంపుతుంటుంది. ఈ రాకపోకలతో తీగలు వేడెక్కుతాయి, ట్రాన్స్‌ఫార్మరు మీద బరువు పడుతుంది. కండెన్సరు ఆ ఇచ్చిపుచ్చుకోవడాన్ని మోటారు దగ్గరే తీర్చేస్తుంది. అయిదు హార్స్‌పవర్ మోటారుకు రెండు కిలోవార్ల కండెన్సరు చాలంటారు. ఒక్కరు పెడితే లాభం కొంచెమే. అందరూ పెడితే ట్రాన్స్‌ఫార్మరు బతుకుతుంది, పొట్టమీదున్న వరి బతుకుతుంది.

అయినా మా ఊళ్లో చాలాచోట్ల కండెన్సరు ఉబ్బిపోయో, తీగలు ఊడదీసో కనిపిస్తుంది. ఇది రైతు అజ్ఞానమని పట్నంవాళ్ళు తేల్చేస్తారు. నేనొప్పుకోను. 2004 నుంచి వ్యవసాయానికి కరెంటు ఉచితం కాబట్టి, ఆదా అయింది బిల్లులో కనపడదు. పోయిన డబ్బా ఖర్చు మాత్రం జేబులో కనపడుతుంది. నిలవని వస్తువును మళ్ళీ మళ్ళీ కొనమంటే మా నాయన కాదు, ఎవరైనా విసుక్కుంటారు.

అందులో ఉండేది లోహపు పూత పూసిన పాలీప్రొపిలీన్ పొర, మందం కొద్ది మైక్రాన్లు. దాని రోధక స్థిరాంకం 2.2 మాత్రమే. కానీ మైక్రానుకు సుమారు 700 వోల్టులు తట్టుకోగలదు. ఆ అంచున ఘన సెంటీమీటరులో దాదాపు 5 జౌళ్ళు దాస్తుంది. దాని బలహీనత వేడి. 85 డిగ్రీలు దాటితే సత్తువ తగ్గుతుంది.

బేరియం టైటనేట్ స్థిరాంకం వెయ్యి దాటుతుంది. దాని నానో పొడిని ప్లాస్టిక్కులో కలిపితే రెండింటి గుణాలూ రావా? ఆశ మంచిదే. కానీ పొడి ఉండలు కడుతుంది. విద్యుత్ క్షేత్రం రేణువుల చుట్టూ ఉన్న ప్లాస్టిక్కు మీద ఒత్తిడి తెస్తుంది, పొర ముందే చిల్లుపడుతుంది. శక్తి క్షేత్రవర్గానికి అనుపాతం కదా! తట్టుకునే వోల్టేజి సగమైతే శక్తి నాలుగోవంతుకు పడిపోతుంది. స్థిరాంకం నాలుగింతలైనా చివరికి మిగిలేది సున్నా. మరోదారిలో 2015లో అమెరికాలోని పెన్ స్టేట్ శాస్త్రజ్ఞులు బోరాన్ నైట్రైడ్ నానో రేకులు కలిపిన పొరను 250 డిగ్రీల వేడిలోనూ పనిచేయించి చూపారు.

ఇక్కడే నా వాదన. ఈ పరిశోధనలో పందెమంతా ఘన సెంటీమీటరుకు ఎన్ని జౌళ్ళన్నదాని మీదే నడుస్తోంది. ఎలక్ట్రిక్ కారుకు డబ్బా చిన్నదవడం అవసరమే. రైతుకు ఆ తొందర లేదు. గట్టుమీద చోటుకు కరువా? ఆయనకు కావలసింది మే నెల ఎండలో రేకుపెట్టెలో మగ్గినా, వోల్టేజి ఎగిరిపడినా నిలిచే పొర. ఇప్పటి పొరకు చిల్లుపడితే చుట్టూ ఉన్న లోహపు పూత ఆవిరై గాయం తనంతట తానే మానుతుంది. పొడి కలిపిన కొత్త పొరకూ ఆ గుణం ఉంటుందా? గోరంత ముక్కను నాలుగుసార్లు ఛార్జి చేస్తే తెలిసే విషయం కాదిది. వందల మీటర్ల పొర చుట్టి, నెలల తరబడి వేడిలో నడిపి చూడాలి. ఆ పరీక్షకు పేరు రాదు, కానీ ప్రయోజనం దాంట్లోనే ఉంది.

మనమేం చేయగలమని అడక్కండి. ఊరినుంచి వచ్చేటప్పుడు పాడైన కండెన్సర్లు తెచ్చి, మాస్టారి ఎదుట జాగ్రత్తగా డిశ్చార్జి చేసి, మిగిలిన కెపాసిటెన్సు కొలుద్దాం. ఎన్నేళ్ళు పనిచేసింది, ఎక్కడ బిగించారు అన్నీ రాసిపెడదాం. మన యూనియన్ ఈ ఏడు ఈ ఒక్క పని నెత్తికెత్తుకుంటే, లాబొరేటరీకీ పొలానికీ మధ్య ఉన్న రోధకం కొంతైనా పలచబడుతుంది.