పిల్లల ఆటలో సైన్యమునకేమి పని?

పెండ్లిమర్రిలో పొద్దు వాలినపిమ్మట, బస్సులాగుచోట అరుగుమీద తలలు వంచుకొని కూర్చుండి, ‘యెనకాల ఉండాడు, కాల్చురా!’ అని యొకనికొకడు కేకలు వేసికొనుచు, చేతిఫోనులలో యుద్ధము చేయుచుండెడి బాలురను నేను ప్రతిదినము చూచుచుందును. వారిని తప్పుపట్టు తలంపు నాకు లేదు. మా బాల్యమున మేమును కందికట్టెలను కత్తులుగా జేసికొని, ఊరిబయటి గుట్టనే గండికోటగా భావించి, ఎందరో శత్రువులను కూల్చినవారమే. అయితే ఆ కందికట్టెను మా చేతికిచ్చినది ఏ రాజును గాదు, ఏ సేనాపతియు గాదు; అది చేనిలో దొరికినది. నేటి బాలుని చేతిలోని ఆట అట్టిది కాదు. దానిని ఎవరో తయారు చేయించుచున్నారు, దానికి ధనము పెట్టుచున్నారు, దాని వలన కలుగవలసిన ఫలమును ముందుగనే నిర్ణయించుకొనుచున్నారు. ఆ చేయించువారిలో దేశదేశముల సైన్యములు సయితము ఉన్నవను సంగతి మన పాఠకులలో అనేకులు గమనించినట్లు లేదు.

1980లో అటారి కంపెనీ ‘బ్యాటిల్‌జోన్’ అను ట్యాంకుల ఆటను వెలువరింపగా, బ్రాడ్లీ యుద్ధశకటములలో పనిచేయు గన్నర్ల శిక్షణకు అనుకూలముగా దానిని మార్చి యిమ్మని అమెరికా సైన్యమునకై యొక కోరిక వచ్చినది. ఆ ఆటను రచించిన ఎడ్ రాట్‌బెర్గ్ మొదట ససేమిరా యనెను. కడకు, ఇకమీదట సైనికకార్యము లేవియు తనకప్పగింపరాదను నియమముమీద మాత్రమే ఆ పని చేసిపెట్టెను. ఆ సంకోచమును నేను గౌరవింతును. ఇరువదియేండ్లు గడచునప్పటికి సంకోచించువాని అవసరమే లేకపోయెను. సైన్యమే ఆటల వ్యాపారమున ప్రవేశించెను. 2002 జూలై 4వ తేదీన, తమ స్వాతంత్ర్యదినమున, అమెరికా సైన్యము ‘అమెరికాస్ ఆర్మీ’ యను ఆటను ఇంటర్నెట్టులో ఉచితముగా విడుదల చేసినది. యువకులను సైన్యమువైపు మరల్చుటయే దాని యుద్దేశమని వారు దాచను లేదు. ఆ ఆట 13 ఏండ్ల వారికి తగినదని ముద్ర వేయబడెను. ఆ దేశమున సైన్యమున చేరుటకు తల్లిదండ్రులు సమ్మతించినను 17 ఏండ్లు నిండవలెను. ఈ రెంటి నడుమనున్న నాలుగేండ్లే నేను నేడు విన్నవింపదలచిన విషయము.

మనదేశమును ఇందులకు దూరముగా లేదు. భారత వాయుసేన 2014లో ‘గార్డియన్స్ ఆఫ్ ది స్కైస్’ అను ఆటను, 2019 జూలై 31న ‘ఎ కట్ అబవ్’ అను మరియొక ఆటను ఫోనులలోనికి తెచ్చినది. ఈ రెండవదానిలోని వైమానికుని మీసకట్టును చూచి, పాకిస్థానుకు బందీగా చిక్కి తిరిగివచ్చిన అభినందన్‌ను పోల్చుకొననివారు లేరు.

మన తెలుగువారికి మరింత సమీపమైన ఉదంతము వేరొకటి కలదు. 2020 జూన్ 15వ తేదీ రాత్రి గాల్వాన్ లోయలో, తుపాకులు పేలకుండ కర్రలతో రాళ్లతో సాగిన పోరాటమున 20 మంది భారతసైనికులు నేలకొరిగిరి. వారికి నాయకుడై ముందు నిలిచినవాడు సూర్యాపేట బిడ్డ, కోరుకొండ సైనిక పాఠశాలలో చదివినవాడు, కర్నల్ సంతోష్‌బాబు. 2021 జనవరి 25న ఆయనకు మరణానంతరము మహావీరచక్రము ప్రకటింపబడెను. ఆ మరునాడే, గణతంత్రదినమున, బెంగుళూరు కంపెనీ యొకటి ‘ఫౌజీ’ అను ఆటను అదే గాల్వాన్ లోయ కథతో విడుదల చేసినది. దాని నికరాదాయమున 20 శాతము, హోంమంత్రిత్వశాఖ యాధ్వర్యమున కేంద్ర సాయుధ పోలీసు బలగముల అమరుల కుటుంబములకై నడచుచున్న ‘భారత్ కే వీర్’ నిధికి చెందునని చెప్పిరి. ఆ దానమును నేను శంకింపను. కాని సూర్యాపేటలో ఆ యింటి కన్నీరు తడియారకమునుపే, ఎనిమిది మాసములైనను నిండకమునుపే, ఆ రాత్రి కథ బొటనవ్రేళ్లతో నొక్కి గెలువదగిన వినోదముగా మారుట న్యాయమని నా మనస్సు అంగీకరింపకున్నది. ఆటలో పడినవాడు మరల లేచును.

ఇట్లనుటవలన సైన్యమును, కృత్రిమదృశ్యములను సృష్టించు విద్యను విడదీయవలెనని నేను కోరుచున్నానని యెవరును భావింపరాదు. హైదరాబాదులో 1993లో స్థాపింపబడిన జెన్ టెక్నాలజీస్ సంస్థ సిమ్యులేటర్లను తయారుచేసి సైన్యమునకును పోలీసులకును సమకూర్చుచున్నది. గుండు ఖర్చు కాకుండ గురి నేర్చుకొనుట, ట్యాంకు చెడకుండ ట్యాంకు నడుప నేర్చుకొనుట, నేర్చుకొను దశలో ప్రాణములు పోకుండుట, ఇవన్నియు మేలైన పనులే. అక్కడ తెరముందు కూర్చుండువాడు ప్రమాణము చేసిన వయోజనుడు. తానేమి నేర్చుకొనుచున్నాడో, ఎందులకు నేర్చుకొనుచున్నాడో యెరిగినవాడు. అరుగుమీది బాలునికి ఆ యెరుక లేదు.

వయోజనునికిని బాలునికిని నడుమనుండవలసిన ఈ యెల్లను చెరిపివేయు పనిలో మన పొరుగువాని పేరు వినబడుట నాకు వ్యథ కలిగించుచున్నది. మా కడపజిల్లాకు ఆనుకొనియున్న అనంతపురము జిల్లాలోని బుక్కాపురము వంశమూలముగా గల సత్య నాదెళ్ల నడుపు మైక్రోసాఫ్టు, తన హోలోలెన్స్ కండ్లద్దములను యుద్ధభూమికి తగినట్లు మార్చి యిచ్చుటకు 2018లో అమెరికా సైన్యముతో ఒప్పందము చేసికొనెను. 2019 ఫిబ్రవరిలో ఆ సంస్థ ఉద్యోగులు కొందరు, తాము ఆయుధములు చేయుటకై కొలువున చేరలేదనుచు, దానిని రద్దుచేయుమని లేఖ వ్రాసిరి. ప్రజాస్వామ్యమున ప్రజలెన్నుకొన్న వ్యవస్థలకు తమ విద్యను నిరాకరింపబోమని నాదెళ్ల బదులు చెప్పెను. పెద్దవారైన సైనికుల విషయమున ఆ మాటకు బలమున్నది, తేలికగా త్రోసివేయరాదు. అయితే 2023 అక్టోబరులో దాదాపు 6,900 కోట్ల డాలర్లకు ఆక్టివిజన్ బ్లిజార్డ్‌ను కొని, ‘కాల్ ఆఫ్ డ్యూటీ’ యను యుద్ధపు ఆటకు కూడ మైక్రోసాఫ్టు యజమాని యయ్యెను. 2025లో సైనిక కండ్లద్దముల బాధ్యత వేరొక సంస్థకు బదిలీ యగువరకు, సైనికుని కన్నులకు యుద్ధమును చూపునదియు, పిల్లవాని కన్నులకు యుద్ధమును చూపునదియు ఒకే అంగడి. ఆ పిల్లవాడు ఏ యెన్నికలోను ఓటు వేయలేదు.

కడపజిల్లావాడు ఈ మాట చెప్పుటకు వేరొక కారణమును కలదు. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల ప్రాంతములలో ముఠాకక్షలు ప్రబలియుండిన రోజులలో, పగ తలకెక్కిన యిండ్లలో సయితము తల్లులు తమ కొడుకులను దూరపు హాస్టళ్లలో చేర్చి చదివించిరి. ఆయుధము పట్టుట యొకపూటలో నేర్వవచ్చును. దానియందు మోజు పుట్టుట మాత్రము బాల్యముననే జరుగునని ఆ తల్లులకు తెలియును.

మా రోడ్లమీద తెల్లవారుజామున సైన్యపు సెలెక్షన్లకై 1.6 కిలోమీటర్ల పరుగును అభ్యసించు యువకులను నేనెరుగుదును. వారు అగ్నిపథ్ పథకమున అగ్నివీరుని కొలువు నాలుగేండ్లేయని, అందులో నూటికి 25 మందికి మించి స్థిరపడజాలరని తెలిసియే పరుగెత్తుచున్నారు. ఆ పరుగునకు నా నమస్కారము. ఆ లెక్కను ఏ ఆటయు చెప్పదు. కాలు పోయి యింటికి వచ్చిన జవానును ఏ ఆటయు చూపదు.

కావున రక్షణశాఖవారిని, మన పార్లమెంటు సభ్యులను నేను కోరునది యిది: సైన్యము స్వయముగ చేయించినను, ఏ కంపెనీతోనైన కలసి చేయించినను, ప్రతి యాటపై సైన్యము పేరు, వెచ్చించిన ప్రజాధనపు మొత్తము స్పష్టముగ ముద్రింపుడు. అగ్నివీరునిగా చేరుటకు 17 ఏండ్ల 6 మాసములు నిండవలెనని నియమము పెట్టినవారు మీరే. ఆ వయస్సు నిండనివానికి మీ యాటను ఇయ్యకుడు.