లోన్ కన్నా ముందు లైన్ సంగతి తెలుసుకోండి

ఫైనల్ ఇయర్‌లో ఉన్నారా? అయితే ఈపాటికి మీ ఫోన్‌లో కనీసం రెండు కన్సల్టెన్సీల నంబర్లు సేవ్ అయి ఉంటాయి. జీఆర్ఈ అవసరమా, ఫాల్‌కు పోవాలా స్ప్రింగ్‌కు పోవాలా, బ్యాంక్ బ్యాలెన్స్ ఎంత చూపాలి, వీసా ఇంటర్వ్యూలో ఏం చెప్పాలి... ఇవన్నీ అడిగే ఉంటారు. చిలుకూరు బాలాజీకి ప్రదక్షిణలు మొక్కుకున్నవాళ్లూ ఉంటారు, తప్పేం లేదు. కానీ నల్గొండలో గానీ, మహబూబ్‌నగర్‌లో గానీ పిల్లలు, వాళ్ల వెంట వచ్చే తల్లిదండ్రులు సాధారణంగా అడగని ప్రశ్న ఒకటుంది. చదువయ్యాక అక్కడ ఉండనిస్తారా? ఉండనిస్తే ఎన్నేళ్లు, ఏ హోదాలో?

ఈ ప్రశ్నకు జవాబు తెలియకుండా ముప్పై, నలభై లక్షల అప్పు మీద సంతకం పెట్టొద్దన్నదే నా మాట. అమెరికా పోవద్దని చెప్పడం లేదు. మంచి యూనివర్సిటీ, మంచి కోర్సు దొరికితే తప్పకుండా పోండి. కానీ 'నాలుగేళ్లు కష్టపడితే గ్రీన్‌కార్డ్, ఆ తర్వాత అమ్మానాన్నను తీసుకుపోతా' అనే లెక్క మీద ఇల్లు కుదువ పెట్టించకండి. ఆ లెక్క తప్పు. ఎందుకో చూడండి.

1990 నాటి చట్టం ప్రకారం ఉద్యోగం ఆధారంగా ఇచ్చే గ్రీన్‌కార్డులు ఏడాదికి 1,40,000. ఉద్యోగి ఒక్కరికే కాదు, భార్యకో భర్తకో, పిల్లలకో ఇచ్చేవీ అందులోనే లెక్క. పైగా ఏ ఒక్క దేశంలో పుట్టినవారికీ 7 శాతానికి మించి ఇవ్వకూడదు. 140 కోట్ల భారత్‌కూ, నాలుగు లక్షల జనాభా ఉన్న ఐస్‌లాండ్‌కూ అదే హద్దు. ఎంఎస్ చదివినవాళ్లు ఎక్కువగా పోయే ఈబీ-2 కేటగిరీలో ఈ లెక్కన మన వాటా ఏటా 2,800 దాటి కొంచెం. మిగతా దేశాలు వాడుకోగా మిగిలినవి ఉంటే కొన్ని కలుస్తాయి. 2,800 అంటే మన దగ్గర ఓ మోస్తరు గ్రామ పంచాయతీ ఓటర్ల జాబితా అంత. దేశం మొత్తానికి అదే.

ఇక్కడ చాలామందికి తెలియని సంగతి ఇంకోటుంది. పాస్‌పోర్ట్ ఏ దేశానిదన్నది చూడరు, పుట్టిన చోటు చూస్తారు. మీ నాన్న గల్ఫ్‌లో ఉన్న రోజుల్లో మీరు దుబాయ్ ఆసుపత్రిలో పుట్టి ఉంటే మీది యూఏఈ లైన్. దేవరకొండ ఆసుపత్రిలో పుడితే ఇండియా లైన్. పెళ్లి చేసుకున్న మనిషి వేరే దేశంలో పుట్టి ఉంటే వాళ్ల లైన్‌లో మీరూ కలవొచ్చు. సంబంధాలు చూసే పెద్దలకు ఈ రూల్ ఇంకా పూర్తిగా ఎక్కలేదు గానీ, ఎక్కితే బయోడేటాలో 'పుట్టిన స్థలం' కాలమ్‌కు గిరాకీ పెరుగుతుంది.

లైన్ ఎక్కడిదాకా వచ్చిందో అమెరికా విదేశాంగ శాఖ ప్రతి నెలా వీసా బులెటిన్ పేరుతో ప్రకటిస్తుంది. 2025 అక్టోబర్ బులెటిన్‌లో భారత్ ఈబీ-2 తేదీ 2013 ఏప్రిల్ 1. ఆ తేదీకి ముందు లైన్‌లో నిలబడ్డవారికే అప్పుడు కార్డు ఇచ్చారు. మీరు అప్పుడు బహుశా మూడో, నాలుగో తరగతి. 'అయితే పన్నెండేళ్లు ఆగితే నాకూ వస్తుంది కదా' అనుకోకండి. 2013 తర్వాత చేరినవాళ్లు అంతకు ముందువాళ్ల కన్నా చాలా ఎక్కువ. వాళ్లందరూ మీ ముందే ఉన్నారు. కేటో ఇన్‌స్టిట్యూట్ 2023లో వేసిన లెక్క ప్రకారం ఉద్యోగ కోటాలో పెండింగ్ 18 లక్షలు, అందులో 11 లక్షలు భారతీయులవే. ఇప్పుడు కొత్తగా చేరే భారతీయుడికి 134 ఏళ్లు పడుతుందని అదే సంస్థ అంచనా. అంటే మర్యాదగా చెప్పాలంటే, రాదని.

ఇంట్లో ఎవరో ఒకరు తప్పకుండా అంటారు: 'మీ బాబాయ్ వైటూకే టైమ్‌లో పోయి నాలుగైదేళ్లలో కార్డు తెచ్చుకున్నాడు, నీకెందుకు రాదు?' నిజమే, తెచ్చుకున్నాడు. 2000ల మొదట్లో ఈ లైన్ దాదాపు లేదు. బాబాయ్ తెలివి, కష్టం కాదనను. కానీ ఆయన పోయిన రోడ్డు, మీరు పోబోయే రోడ్డు ఒకటి కావు. పండక్కి వచ్చినప్పుడు ఆయననే అడగండి, ఆయన ఆఫీసులో ఈ మధ్య కార్డు వచ్చిన తెలుగు కుర్రాడు ఎవరైనా ఉన్నాడా అని.

సరే, లైన్ చివర నిలబడటానికైనా ముందు ఎన్ని గడపలు దాటాలో చూడండి. చదువయ్యాక ఓపీటీ 12 నెలలు, స్టెమ్ కోర్సయితే మరో 24. మొదటి ఓపీటీలో మొత్తం 90 రోజులకు మించి ఖాళీగా ఉండకూడదు. ఆలోగా హెచ్-1బీ తగలాలి. ఏటా 65,000, అమెరికాలో మాస్టర్స్ చేసినవాళ్లకు ఇంకో 20,000. ఇన్నాళ్లూ అది అచ్చంగా లాటరీ. 2026 నుంచి జీతం స్థాయి ఎక్కువ ఉన్నవారికి ఎక్కువ అవకాశాలు వచ్చేలా మార్చారు, అంటే ఫ్రెషర్ జీతం వాళ్లకు ఛాన్స్ తగ్గినట్టే. తగిలితే మూడేళ్లు, పొడిగిస్తే ఆరేళ్లు. ఈలోపు కంపెనీ మీ తరఫున పెర్మ్ వేసి, ఐ-140 ఆమోదం తెప్పిస్తేనే ఆరేళ్ల తర్వాత కూడా పొడిగింపులు దొరుకుతాయి. మధ్యలో ఉద్యోగం పోతే కొత్తది వెతుక్కోవడానికి 60 రోజులు. మధ్యలో రూల్ కూడా మారొచ్చు. 2025 సెప్టెంబర్‌లో కొత్త హెచ్-1బీకి లక్ష డాలర్ల ఫీజన్నారు. అక్కడే చదివి స్టూడెంట్ వీసా నుంచి మారేవాళ్లకు అది వర్తించదని వివరణ వచ్చింది అక్టోబర్‌లో. ఆ నెల రోజులు ఎన్ని ఇళ్లలో నిద్రలేదో ఊహించుకోండి.

మీ వయసులో ఇదంతా ఒంటరి ప్రయాణంలా కనిపిస్తుంది. బ్యాగులు రెండు, మనిషి ఒకడు. కానీ లైన్‌లో నిలబడేటప్పటికి మీరు ఒక్కరే ఉండరు. పెళ్లవుతుంది, పిల్లలుంటారు. భార్యో భర్తో హెచ్-4 మీద వస్తారు. ఆ వీసా మీద పని చేసే వీలు 2015లో ఇచ్చారు, అదీ హెచ్-1బీ ఉన్నవాళ్ల ఐ-140 ఆమోదం పొందాకే. ఇక్కడ మీతోపాటు చదివి, మీకన్నా మంచి మార్కులు తెచ్చుకున్న అమ్మాయి అక్కడ కొన్నేళ్లు ఇంట్లోనే కూర్చోవాల్సి రావొచ్చు. ఇక్కడ పుట్టి మూడేళ్లకు అక్కడికి వెళ్లిన పిల్లకు 21 దాటితే, తండ్రి లైన్‌లోంచి ఆమె పేరు పోతుంది. అప్పుడు ఆమె తనకు తెలిసిన ఒకే దేశంలో విదేశీ విద్యార్థిగా మళ్లీ వీసా తీసుకోవాలి, లేదా వచ్చేయాలి. వయసు లెక్కలో కొంత ఊరటనిచ్చే చట్టం 2002లో వచ్చింది గానీ, లైన్ పదేళ్లు దాటాక ఆ ఊరట ఏ మూలకు?

సునయన దుమాల పేరు విన్నారా? 2017 ఫిబ్రవరి 22న కాన్సాస్ రాష్ట్రం ఒలేతాలో జాతి ద్వేషంతో జరిగిన కాల్పుల్లో చనిపోయిన హైదరాబాద్ ఇంజినీర్ శ్రీనివాస్ కూచిభొట్ల భార్య ఆమె. భర్త హెచ్-1బీ మీద ఉన్నాడు, ఆమె హోదా దాని మీద ఆధారపడి ఉంది. భర్త పోవడంతో ఆ దేశంలో ఉండే హక్కూ పోయింది. అంత్యక్రియలకు హైదరాబాద్ వచ్చిన మనిషి, తన ఇంటికి తాను తిరిగి పోవడానికి దారి లేకుండా అయింది. అక్కడి కాంగ్రెస్ సభ్యుడు కెవిన్ యోడర్ పూనుకుంటే తాత్కాలిక అనుమతి దొరికింది. వార్తల్లోకి ఎక్కిన కేసు కాబట్టి ఒక ప్రజాప్రతినిధి కదిలాడు. రోడ్డు ప్రమాదంలోనో, గుండెపోటుతోనో మనిషి పోయిన ఇళ్లకు ఎవరొస్తారు?

దేశాల కోటా తీసేయాలన్న బిల్లును అదే యోడర్ తర్వాత భుజాన వేసుకున్నాడు. 2018 ఎన్నికల్లో ఓడిపోయాడు. 2019లో అలాంటి బిల్లు దిగువ సభలో 365-65 ఓట్లతో పాసైంది. చట్టం మాత్రం కాలేదు. అందుకే 'బిల్లు వస్తోందట' అని వాట్సాప్‌లో చూసి అప్పు చేయొద్దంటాను.

వలస మన జిల్లాలకు కొత్త కాదు. పాలమూరు నుంచి మేస్త్రీల కింద ముంబయికి, ప్రాజెక్టుల కట్టల మీదికి పోయినోళ్ల మనవళ్లే ఇవాళ ఎంఎస్‌కు పోతున్నారు. ముందు అడ్వాన్స్, తర్వాత పని, అడ్వాన్స్ తీరేదాకా మేస్త్రీ చెప్పిన చోటే ఉండాలి. తట్టలు మోసే బతుకునూ ఏసీ ఆఫీసునూ ఒకటే అనడం అన్యాయం, నేననను. కానీ పెర్మ్ వేస్తామని ఊరించే చిన్న కంపెనీ ముందు చేతులు కట్టుకునే ఇంజినీర్ కథలో అడ్వాన్స్ వాసన ఉంది. ఒక తేడా కూడా ఉంది. ఆ తాతలు వానలు పడితే ఊరికి తిరిగొచ్చేవాళ్లు.

ఊరంటే భూమి. ఇది మన దగ్గర అసలైన పాయింట్. చాలా ఇళ్లలో చదువు ఖర్చుకు ఎకరమో, రెండెకరాలో అమ్ముతున్నారు. ఎన్ఆర్ఐ అయ్యాక ఫెమా నిబంధనల ప్రకారం మీరు మీ పేరున వ్యవసాయ భూమి కొనలేరు. నాన్న నుంచి వారసత్వంగా వస్తే ఉంచుకోవచ్చు, అంతే. అంటే అమ్మిన ఎకరాన్ని డాలర్లతో తిరిగి కొంటానన్న మాట మీ చేతుల్లో లేదు. ఒకవేళ అదృష్టం కలిసొచ్చి గ్రీన్‌కార్డ్, దాని మీద ఐదేళ్లకు పౌరసత్వం వచ్చాయనుకోండి, ఆ రోజే భారత పౌరసత్వం పోతుంది. మన రాజ్యాంగం రెండు పౌరసత్వాలు ఒప్పుకోదు. ఓసీఐ కార్డు ఇస్తారు. దాంతో జీవితాంతం రావచ్చు, పోవచ్చు. ఓటు లేదు, వ్యవసాయ భూమి కొనే వీలూ లేదు.

అమ్మానాన్నను తీసుకుపోవడం సంగతి? పౌరులైనవాళ్లు తల్లిదండ్రులను కోటాతో పని లేకుండా పిలిపించుకోవచ్చు, ఆ మాట నిజమే. లెక్క వేయండి. ఇప్పుడు మీకు 22. ఎంఎస్, ఓపీటీ, హెచ్-1బీ, పెర్మ్ అన్నీ సాఫీగా జరిగితే 30. లైన్ ఎంత తక్కువ వేసుకున్నా 20 ఏళ్లు. పౌరసత్వానికి మరో ఐదు. మీకు 55 వచ్చేటప్పటికి మీ అమ్మకు ఎంత?

కాబట్టి నా సలహా మోటుగా ఉంటుంది. గ్రీన్‌కార్డ్‌ను సున్నా వేసి ప్లాన్ చేయండి. 40 లక్షలు 11 శాతం వడ్డీకి పదేళ్లకు తీసుకుంటే ఈఎంఐ నెలకు 55 వేల పైనే. వీసా తగలక మూడేళ్లకు హైదరాబాద్ తిరిగొస్తే ఇక్కడి జీతంతో అది కట్టగలరా? కట్టగలమంటే పోండి, నిశ్చింతగా పోండి. కట్టలేమంటే కోర్సు, యూనివర్సిటీ, దేశం మళ్లీ చూడండి. కెనడా ఎక్స్‌ప్రెస్ ఎంట్రీలో పుట్టిన దేశాన్ని బట్టి కోటా లేదు, పాయింట్లే. అక్కడా ఇబ్బందులున్నాయి, కానీ అవి వేరే రకం. అమ్మాయిలకు ఇంకో మాట. అక్కడి సంబంధం వస్తే జీతం అడిగినట్టే ఐ-140 ఆమోదం అయిందా అని కూడా అడగండి. వీలైతే మీ వీసా మీదే ఉండండి.

హాజరు అక్కర్లేదు, మొదటి రోజు నుంచే ఉద్యోగం చేసుకోవచ్చని ఎవరైనా చెబితే లేచి వచ్చేయండి. 2019 జనవరిలో బయటపడిన ఫార్మింగ్టన్ యూనివర్సిటీని నడిపింది అమెరికా ఇమిగ్రేషన్ అధికారులే. అరెస్టయిన విద్యార్థుల్లో దాదాపు అందరూ భారతీయులు, వాళ్లలో తెలుగువాళ్లు చాలామంది. స్టూడెంట్‌గా చేసిన ప్రతి పనీ రేపు గ్రీన్‌కార్డ్ ఫైల్‌లో కనిపిస్తుంది.

పోవాలని తేల్చుకున్నవాళ్లు కాగితాల పని ఇప్పుడే మొదలుపెట్టండి. మన పల్లెల్లో చాలామందికి బర్త్ సర్టిఫికెట్ ఉండదు, ఎస్ఎస్‌సీ మెమోతోనే పని నడిచిపోయింది. గ్రీన్‌కార్డ్‌కు నడవదు. పంచాయతీలోనో మున్సిపాలిటీలోనో రికార్డు ఉందేమో చూడండి. లేకపోతే నాన్ అవైలబిలిటీ సర్టిఫికెట్ తీసుకుని, ఆలస్య నమోదుకు ఆర్డీవో ఆఫీసులో దరఖాస్తు పెట్టండి. మెమోలో ఇంటిపేరు ఒక్క అక్షరమై, పాస్‌పోర్ట్‌లో మొత్తం పేరు ఒకే గడిలో పడి ఉంటే వీసా తీసుకోకముందే సరి చేయించండి. అమ్మ పేరు ఆధార్‌లో ఒకలా, మీ సర్టిఫికెట్‌లో ఒకలా ఉంటే అదీ. ఇరవై ఏళ్ల తర్వాత డాలస్ నుంచి ఫోన్ చేసి చేయించుకోవడం కన్నా, ఈ సెలవుల్లో అమ్మను వెంటబెట్టుకుని మీసేవకు పోవడం తేలిక.