మాత్రలు మింగితే విశ్వాసం తక్కువైనట్టా?



ఆ మధ్య ఒక గ్రామ సంఘంలో సాయంకాల కూటమి ముగిశాక ఒక తల్లి మమ్మల్ని పక్కకు పిలిచింది. ఆమె కుమారుని వీపు మీద స్పర్శ లేని మచ్చలు కనబడ్డాయి. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో పరీక్షించి, కుష్ఠు అని చెప్పి మాత్రలిచ్చారు. రెండు నెలలు వాడాడు. ఇంతలో తోటి విశ్వాసి ఒకరు, "ప్రార్థన చేయించుకొని కూడా మాత్రలు మింగితే దేవుణ్ణి నమ్మనట్టే" అన్నారట. అబ్బాయి మాత్రలు మానేశాడు. "అయ్యగారూ, బిళ్లలు మింగితే మా విశ్వాసం తక్కువైనట్టా?" అని ఆ తల్లి కన్నీళ్లతో అడిగింది.

ఈ ప్రశ్న ఆమె ఒక్కదానిదే కాదు. కనుక దీనిని వాక్యపు వెలుగులో ఆలోచిద్దాం.

లేవీయకాండము 13వ అధ్యాయం తీయండి. మచ్చ గలవాడు యాజకుని యొద్దకు రావాలి. యాజకుడు చూడగానే తీర్పు చెప్పడు. మచ్చ లోతును, వెంట్రుకల రంగును పరీక్షిస్తాడు. సందేహముంటే ఏడు దినాలు వేరుగా ఉంచి మరల చూస్తాడు. అక్కడ కుష్ఠు అని తర్జుమా అయిన మాట పలు రకాల చర్మవ్యాధులకు వాడిన మాట. ఏదైనా సరే, ఓపికతో చూచి నిర్ణయించమన్నది దేవుడే. హిజ్కియా ఏడ్చి ప్రార్థించాడు, దేవుడు ఆలకించాడు. అయినా యెషయా ఆ పుండుకు అంజూరపు పండ్ల ముద్ద కట్టించాడు (2 రాజులు 20). ముద్ద కట్టినందువల్ల రాజు ప్రార్థన వ్యర్థమైందా? వానకోసం ప్రార్థించిన రైతు నాగలి కట్టడం మానుకుంటాడా?

కుష్ఠు వంశపారంపర్యమనీ, పాపానికి శాపమనీ లోకం ఎంతో కాలం నమ్మింది. 1873లో నార్వే దేశపు వైద్యుడు హాన్సెన్ ఈ రోగానికి కారణం ఒక సూక్ష్మక్రిమి అని కనుగొన్నాడు. ఎన్ని కుటుంబాల మీద నుండి ఎంతటి నింద తొలగిపోయిందో ఆలోచించండి! సత్యం ఎవరి చేత బయలుపడినా అది దేవునిదే గదా.

మన తెలుగు నేల మీద కూడా దీనికి సాక్ష్యమున్నది. నిజామాబాదు జిల్లా డిచ్‌పల్లిలో ఇసబెల్ కెర్ అనే మిషనరీ వైద్యురాలు, ఆమె భర్త జార్జి కెర్ 1915లో కుష్ఠురోగుల ఆసుపత్రి తెరిచారు. దానికి ధనసహాయం చేసిన నర్సాగౌడ్ హిందువు. ఆ రోజుల్లో అందుబాటులో ఉన్న మందు ఒక అడవి చెట్టు గింజల నూనె. దానినే సూదిమందుగా ఇచ్చారు. ప్రార్థించిన చేతులే ఆ సూది పట్టుకున్నాయి.

వెల్లూరు క్రైస్తవ వైద్య కళాశాలలో పనిచేసిన డాక్టర్ పాల్ బ్రాండ్ మరొక సంగతి కనిపెట్టాడు. కుష్ఠు రోగి వేళ్లు వాటంతట అవే కుళ్లి రాలిపోవు. నరాలు దెబ్బతిని నొప్పి తెలియదు. వేడి గిన్నె పట్టుకున్నా, ముల్లు గుచ్చుకున్నా తెలియక, ఆ గాయాలు ముదిరి వేళ్లు పోతాయి. మనం వద్దనుకునే నొప్పి నిజానికి దేవుడిచ్చిన వరమని ఆయన గ్రహించాడు. శాస్త్ర పరిశోధనే ఆయనను స్తుతికి నడిపించింది.

ఇప్పుడు మత్తయి 8వ అధ్యాయానికి వద్దాం. ప్రభువు కుష్ఠరోగిని ముట్టి శుద్ధుని చేశాడు. ఆ తరువాత ఏమన్నాడు? వెళ్లి యాజకునికి కనబరచుకొమ్మన్నాడు. ఇది గమనించండి. అద్భుతం చేసిన ప్రభువే పరీక్షకు పంపాడు. దేవుడిచ్చిన స్వస్థత పరీక్షకు భయపడదు. కాబట్టి "నాకు నయమైంది" అనుకునేవారు మాత్రలు పారవేయనక్కరలేదు. డాక్టరు దగ్గరకు వెళ్లాలి. చాలునని ఆయన చెప్పేవరకు మందు వాడాలి.

కొన్ని సంగతులు ఇంట్లో అందరికీ చదివి వినిపించండి. స్పర్శ తెలియని, పాలిపోయిన లేక ఎర్రని మచ్చ కనిపిస్తే దాచకండి. ఒకటికంటే ఎక్కువ మందులు కలిపి ఇచ్చే చికిత్సను ప్రపంచ ఆరోగ్య సంస్థ 1981లో సిఫారసు చేసింది. వ్యాధిని బట్టి ఆరు లేక పన్నెండు నెలలు వాడాలి. ప్రభుత్వ ఆసుపత్రిలో ఉచితం. మూత్రం ఎర్రబడినా, చర్మం కొంత నల్లబడినా అది మందు ప్రభావమే. భయపడి మానవద్దు, డాక్టరుతో చెప్పండి. మధ్యలో మానితే క్రిమి మిగిలిపోతుంది. చికిత్స మొదలైతే రోగి నుండి ఇతరులకు సోకే భయం త్వరలోనే పోతుంది. మన దేశం 2005 నాటికి ఈ వ్యాధిని పదివేల మందిలో ఒకరికంటే తక్కువకు తెచ్చింది. అయినా 2022-23లో సహితం లక్షకు పైగా కొత్త రోగులు బయటపడ్డారు. పని ఇంకా ముగియలేదు.

అయితే మాత్ర చేయలేనిది ఒకటున్నది. క్రిమిని చంపగలదు గాని, రోగి పక్కన చాప మీద కూర్చోలేదు. ప్రభువు అతన్ని బాగుచేసిన తరువాత ముట్టలేదు, ముట్టి బాగుచేశాడు. ఆ ముట్టే పని సంఘానిది. బల్లయొద్ద అతన్ని వెనుకకు నెట్టి, గదిలో అతనికోసం ప్రార్థిస్తే ఆ ప్రార్థనలో సత్యమున్నదా?

ఆ తల్లితో మేము ఈ మాటలే చెప్పి, అబ్బాయి తల మీద చేయి ఉంచి ప్రార్థించాం. సోమవారం ఉదయం సంఘ పెద్ద ఒకరు అతన్ని తన సైకిలు మీద ఎక్కించుకొని ఆరోగ్య కేంద్రానికి తీసుకువెళ్లారు. మాత్రలు తిరిగి మొదలయ్యాయి. రాత్రి కుటుంబ ప్రార్థన ముగిశాక ఆ తల్లే నీళ్ల గ్లాసు అందిస్తున్నదట.

మీ సంఘంలో అలాంటివారుంటే ఈ వారమే వారి గుమ్మం తొక్కండి. ప్రభువు మిమ్మును దీవించును గాక. ఆమేన్.