మనుష్యులు లేని పటములు

మా చెల్లెలి కొమార్తె పెనిమిటితో గూడ అమెరికాలోని అరిజోనా రాష్ట్రమున కాపురమున్నది. ఆ చిన్నది సెలవు దినములలో ఎడారులు తిరిగి తీసిన ఛాయాపటములు కొన్ని గతమాసమున మాకు పంపినది. ఎఱ్ఱని యిసుకరాతి కొండలు, ధ్వజస్తంభములవలె నొంటిగా నిలిచిన శిలలు, నిట్టనిలువు గోడల నడుమ సన్నని లోయ. మేమును మావారును చూచి మురిసితిమి. మా యత్తగారు మాత్రము కండ్లజోడు సవరించుకొని, పటము లన్నియు రెండు మాఱులు త్రిప్పి చూచి, "బాగానే ఉన్నాయి గాని, అమ్మాయీ, ఇందులో ఒక్క మనిషీ లేడేమే? వాళ్లు నీళ్లెక్కణ్ణుంచి తెచ్చుకుంటారు?" అని యడిగిరి. ఎడారిలో మనుష్యులెక్కడి వారని మేము నవ్వితిమి. ఆ నవ్వు మాకు శోభింపలేదని తరువాత తెలిసినది.

ముందా రాతి సంగతి. ఆ లోయ పేరు కాన్యన్ డి షే. సుమారు 28 కోట్ల సంవత్సరముల క్రిందట అచ్చట గాలి తోలి పోసిన యిసుక తిన్నె లుండెను. అవి కాలక్రమమున భూమిలో పూడి, పైబరువునకు అణగి, నీటిలోని ఖనిజములు రేణువులను అతికింపగా రాయి యయ్యెను. పిదప నేల పైకి లేచినది. వాగులు దానిని కోసినవి. కొన్నిచోట్ల గోడ యెత్తు వేయి యడుగు లుండును. ఆ గోడలమీద ఏటవాలుగా, చీరకుచ్చెళ్లవలె కనబడు పొరలు ఆనాటి తిన్నెల వాలులే. ఆ యెఱుపు ఇనుప త్రుప్పు. మనము గడపలకు పూయు జేగురులో నున్నదియు నదియే. తిరుమల కొండపై శిలాతోరణము చూచినవారు మీలో ననేకు లుందురు. అదియు నొకనాటి యిసుకయే గాని, మిక్కిలి గట్టిపడి వేఱు రాయిగా మాఱినది.

ఇట్టి రాతికి పటము తీయుట వెలుతురుతోడి పని. మిట్టమధ్యాహ్నమున తీసిన పటము ముగ్గు చెఱిగిన వాకిలివలె చప్పగా నుండును. ఉదయ సాయంకాలముల అడ్డపుటెండ పడినపుడే పొరపొరయు నీడ దేలి పైకి వచ్చును. ఇఱుకు లోయలలో మఱియొక వింత గలదు. ఎండ తగిలిన గోడనుండి వెలుగు ఎదుటి గోడమీదికి చిమ్మును గనుక, నీడలోని రాయియే నిప్పువలె మెఱయును. ఆ క్షణమునకై మా చిన్నది యొక్కచోట మూడు గంటలు కూర్చున్నదట. ఇంటిలో పాలు కాగువఱకు నిలువలేని పిల్ల యది!

నేటివారికి చేతిలో పట్టు యంత్రములున్నవి. తొల్లి యా యెడారులకు పోయిన తిమోతీ ఓసల్లివన్ అనువాని పాట్లు వేఱు. 1867లో ఆయన నెవాడా రాష్ట్రపు టిసుక తిన్నెలకు కంచరగాడిదల బండినే చీకటిగదిగా చేసికొని పోయెను. అద్దపు పలకకు జిగురుమందు పూసి, వెండి ద్రావకమున ముంచి, తడి యారకముందే పటము తీసి, వెంటనే కడుగవలెను. అప్పడపు పిండి యెండకముందే యొత్తవలసినట్లు, అంతా నిమిషముల మీది పని. ఎడారి గాలికి తడి నిలుచునా? ఇసుక రేగి పలక కంటుకొనదా? పైగా ఆ మందునకు ఎఱుపు తెలియదు, నీలము మెండుగా తెలియును; కావున ఎఱ్ఱరాయి నల్లగాను, ఆకాశము తెల్లకాగితమువలెను దిగెడిది. ఇన్ని యిక్కట్లలోనే 1873లో ఆయన కాన్యన్ డి షే చేరి, కొండగోడ తొఱ్ఱలోని ప్రాచీన గృహములను పటము తీసెను. పైనుండి దిగజాఱిన నల్లని చారలు, వాని క్రింద బొమ్మరిండ్లవంటి శిథిలములు. లోకమున మిక్కిలి పేరొందిన పట మది. చీమలవలె కొందఱు మనుష్యులు కానవత్తురు గాని, వారు సర్వే జట్టువారు.

ఆ లోయ యెవరిది? తమ్ము దినే యని చెప్పుకొను నవహో జాతివారిది. 1864లో కిట్ కార్సన్ అను సేనాని దండు ఆ లోయలో చొరబడి యిండ్లు, పంటలు తగులబెట్టెను. ఆ యేటనే సైనికులు వేలకొలది పీచుపండ్ల చెట్లు నఱికిరి. ముసలివారు, బాలెంతలు అనక జనమును 300 మైళ్లకు పైగా నడిపించి, బోస్కె రెడోండో అను బయట నిర్బంధించిరి. దారిలో కొందఱు, అచ్చట ననేకులు చనిపోయిరి. 1868లో సంధి కుదిరి, మిగిలినవారు స్వదేశము చేరిరి. ఓసల్లివన్ వచ్చునప్పటికి వారు తిరిగివచ్చి అయిదేండ్లే. మగ్గము ముందు కూర్చున్న నవహో స్త్రీలనుగూడ ఆయన పటము తీసినాడు. ఆ మాట చెప్పకుండుట న్యాయము గాదు. అయిన లోకము నెత్తి నుంచుకొన్నది మాత్రము శిథిలముల పటమునే. పాడుపడిన గోడ యందఱికిని కావలెను. దాని క్రింద మొక్కజొన్న చల్లుకొను ఇల్లాలు ఎవరికి కావలెను?

ఈ మాట మాకు గ్రుచ్చుకొనుటకు కారణ మున్నది. కొన్నియేండ్ల క్రిందట మా యూరికి ఎవరో వచ్చి, మా పెంకుటింటి అరుగు మీద మా యత్తగారు చింతపండు వలుచుచుండగా, అడుగక చెప్పక పటము తీసికొని పోయిరి. తరువాత నొక పత్రికలో ఆ యిల్లు వచ్చినది. అత్తగారు కూర్చున్న వైపు కత్తిరించి, క్రింద "శిథిల గ్రామము" అని వ్రాసిరి. ఆనాడు ఆ యింట ఏడుగురము భోజనము చేసితిమి. అత్తగారు ఒక్క మాట యనలేదు గాని, మఱునాడే గోడకు సున్నము వేయించిరి.

లారా గిల్పిన్ అను స్త్రీ చేసిన పని యిందు భిన్నము. ఆమె 1891లో కొలరాడోలో పుట్టి, న్యూయార్కున ఛాయాగ్రహణ విద్య నేర్చినది. తాను జబ్బుపడినపుడు పరిచర్యకు వచ్చిన ఎలిజబెత్ ఫార్‌స్టర్ అను నర్సు ఆమెకు జీవితకాల స్నేహితురా లయ్యెను. 1930లో వారిద్దఱు నవహో దేశమున పోవుచుండగా కారులో పెట్రోలు అయిపోయినదట. ఫార్‌స్టర్ నడచిపోయి సహాయము తెచ్చుసరికి, చుట్టును నవహోలు చేరి గిల్పిన్‌తో చీట్లాడుచుండిరట! మఱుసటి యేడు ఫార్‌స్టర్ రెడ్ రాక్ అనుచోట నర్సు పనిలో చేరగా, గిల్పిన్ ఆమెతోగూడ ఇండ్లకు పోవుచు, అనుమతి యడిగి పటములు తీసినది. తూర్పుదిక్కునకే వాకిలి గల వారి హోగన్ గృహములు చూచినది. ఆ జాతిలో వంశము తల్లి పేర నడచుననియు, ఇల్లు ఇల్లాలిదే యనియు తెలిసికొన్నది. 1950 తరువాత మఱల పోయి, వెనుకటి పటములలోని వారిని వెదకి చూచినది. "ది ఎండ్యూరింగ్ నవహో" అను ఆమె గ్రంథము 1968లో గాని వెలువడలేదు. కొండలును, కొండల నీడను బ్రతుకువారును అందు కలిసియే యున్నారు. తొందర యెఱుగని యీ పని మాకు ఓసల్లివన్ పటముకంటె గొప్పదిగా తోచుచున్నది. మావారు ఒప్పుకొనరు; చిత్రకళ వేఱు, చుట్టఱికము వేఱు అందురు.

అత్తగారి ప్రశ్నను మేము చిన్నదానికి వ్రాసి పంపితిమి. ఇప్పుడు ఆ లోయ యడుగునకు నవహో మార్గదర్శి తోడు లేక పోరాదట. తన్ను తీసికొనిపోయినది ఒక నవహో స్త్రీయేయనియు, పటమున ఎడమచేతి మూలనున్న పచ్చని చుక్క ఆమె తల్లి మొక్కజొన్న చేననియు, ఆ మాట తనకు వ్రాయ తోచలేదనియు సిగ్గుపడుచు జాబు వ్రాసినది. నీళ్ల సంగతియు వ్రాసినది: నవహో దేశమున నేటికిని అనేక గృహములకు కుళాయి లేదు, దూరమునుండి పీపాలతో బండ్లమీద తెచ్చుకొందురు.

జాబు చదివి వినిపింపగా అత్తగారు భూతద్దము తెమ్మనిరి. ఆ పచ్చని చుక్కను చాలసేపు చూచి, "ఎంత దూరం నుంచో అడగలేదూ?" అనిరి. అడిగి వ్రాయుమని నిన్ననే జాబు పంపితిమి.