చిక్కటి ఆయిల్ పోస్తే ఇంజన్‌కు బలమా?

నాట్లు దగ్గర పడితే మన పెన్నా డెల్టాలో ఏ మెకానిక్ షెడ్డుకు పోయినా ఒకటే మాట: "మన ఎండలకు చిక్కటి ఆయిల్ పొయ్యాలన్నా, ఇంజన్‌కు బలం." మేమూ ఏళ్ల తరబడి ఆ మాటే నమ్మాం. ట్రాక్టరు పుస్తకంలో 15డబ్ల్యూ-40 అని ఉంటే 20డబ్ల్యూ-50 పోయించాం. డీజిల్ ఎక్కువ తాగుతుంటే పాత బండి కదా అని సరిపెట్టుకున్నాం.

డబ్బా మీద మొదటి అంకె చలిలో ఆయిల్ ఎంత సులువుగా పారుతుందో చెబుతుంది. రెండోది ఇంజన్ కాగాక ఎంత చిక్కగా నిలుస్తుందో చెబుతుంది. బయట ఎంత ఎండ కాసినా రేడియేటరు, థర్మోస్టాట్ సరిగా ఉంటే ఇంజన్ వేడి దాదాపు ఒక స్థాయిలోనే ఉంటుంది. అవసరానికి మించి చిక్కటి ఆయిల్ పోస్తే, దాన్ని తోయడానికే కొంత డీజిల్ కాలిపోతుంది. అలాగని మరీ పలచటిది పోస్తే బేరింగులు అరుగుతాయి. కాబట్టి కంపెనీ చెప్పిన గ్రేడే పోయాలి.

అయితే ఒక్క ఆయిల్‌తోనే అంతా అయిపోదు. కార్లలో సరైన గ్రేడు వల్ల మిగిలేది నూటికి ఒకటి రెండు లీటర్లే. దుమ్ము పట్టిన ఎయిర్ క్లీనరు, గాలి తగ్గిన ట్రాలీ టైర్లు, గట్టు మీద మాట్లాడుతూ ఆపకుండా వదిలేసిన ఇంజన్ కూడా మన జేబుకు చిల్లు పెట్టేవే. నల్లపొగ వస్తుంటే అది కాలీకాలని మన డీజిలే. రొయ్యల గుంటల దగ్గర జనరేటరుకు ఆయిల్ మార్చేది పంటల లెక్కన కాదు, తిరిగిన గంటల లెక్కన.

ఇవన్నీ మనం చేసుకోగలం. మన చేతిలో లేనిది డీజిల్ ధర. 2014 అక్టోబరులో కేంద్రం దానిపై నియంత్రణ ఎత్తేసింది. 2017 జూలై 1న జీఎస్టీ తెచ్చి డీజిల్‌ను మాత్రం బయటే ఉంచింది. అందుకే కేంద్రం ఎక్సైజు, రాష్ట్రం వ్యాటు రెండూ మన నెత్తినే పడుతున్నాయి. వేట పడవలకు మన రాష్ట్రంలో డీజిల్ సబ్సిడీ ఉంది, అది న్యాయమే. మరి దుక్కి దున్నే ట్రాక్టరు చేసిన పాపమేమిటి? కయ్య దమ్ము చేసే డీజిల్‌కూ సబ్సిడీ ఇవ్వాలని గట్టిగా అడగాలి.

వచ్చే సమావేశానికి ట్రాక్టరు పుస్తకం, డీజిల్ బిల్లులు వెంట తెచ్చుకుందాం. ఒకదానితో మన బండి సరిచేసుకుందాం, రెండోదానితో సర్కారును నిలదీద్దాం.